బేస్‌బాలు వీరుడు క్రిస్టీ మాథ్యూసన్

మన మిషను పాఠశాలల ఆటస్థలములలో బాస్కెట్‌బాలును వాలీబాలును ఎఱుగని విద్యార్థి యుండడు. ఈ రెండాటలును అమెరికా దేశమున వై.ఎం.సి.ఏ. వారి వ్యాయామశాలలలో 1891లోను 1895లోను పుట్టి, ఆ సంఘమువారి మూలముననే మన దేశమునకు వచ్చినవి. కాని అమెరికనులు తమ జాతీయక్రీడ యని చెప్పుకొను బేస్‌బాలు మాత్రము మన నేలను వేరూనలేదు. అప్పటికే మన మైదానములను ఇంగ్లీషువారి క్రికెట్టు ఆక్రమించుకొని యుండెను. అందువలన బేస్‌బాలున పేరెన్నిక గన్న ఒక మహాక్రీడాకారుని చరిత్ర మన బాలురకు బొత్తిగ తెలియకుండుటలో వింత లేదు. ఆతని చరిత్ర తెలిసికొనదగినది. దానిలో గెలుపు లెంత గొప్పవో ఓటములంతకన్న గొప్పవి.

ముందుగా ఆట యెట్టిదో కొంచెము చెప్పవలసి యున్నది. మైదానమున ఒక చదరమును ఊహింపుడు. దాని నాలుగు మూలలయందును నాలుగు స్థానములు గలవు. ఒక స్థానమునుండి తరువాతి స్థానమునకు 90 అడుగుల దూరము. మొదటి మూలయందు 17 అంగుళముల వెడల్పుగల పలక నేలలో పొదిగి యుండును. దాని ప్రక్కన బ్యాటు పట్టినవాడు నిలుచును. చదరము నడుమ, ఆ పలకకు 60 అడుగుల 6 అంగుళముల దూరమున, ఎత్తు చేసిన మట్టితిన్నెపై నిలిచి బంతి విసరువానికి పిచ్చరని పేరు. క్రికెట్టులో బౌలరు మోచేయి వంపక, తఱచుగ బంతిని నేలను తాకించి వేయును. పిచ్చరు చేతిని వంచి, బలముకొలది విసరును. బంతి నేలను తాకకయే బ్యాటువానిని చేరును. బంతి పలకమీదుగా, బ్యాటువాని మోకాళ్లకును ఱొమ్మునకును నడుమ పోయినను, వాడు కొట్టబోయి తప్పినను అది ఒక తప్పుగా లెక్కింపబడును. మూడు తప్పులైనచో వాడు ఔటు. పిచ్చరే గురి తప్పి నాలుగుమారులు బయటకు విసరినచో, బ్యాటువాడు కొట్టకయే మొదటి స్థానమునకు నడచిపోవచ్చును. బంతిని కొట్టి నాలుగు స్థానములను చుట్టి వచ్చినవానికి ఒక రన్ను. ముగ్గురు ఔటైనంతట ఆ పక్షము వంతు తీరును. ఇట్లు ఒక్కొక్క పక్షమునకు తొమ్మిది వంతులు.

దీనిని బట్టి ఈ యాటలో పిచ్చరెంత ముఖ్యుడో ఊహింపవచ్చును. క్రికెట్టున ఆరు బంతులు వేసి బౌలరు విశ్రమించును. ఇక్కడ ప్రతి బంతియు ఆతనిదే. పూర్వము ఒక్కొక్క పిచ్చరు ఆటనంతయు తుదముట్ట తానే విసరెడివాడు. నేడు అట్టివారు మిక్కిలి అరుదు. ఒక్క రన్నైనను ఎదుటి పక్షమునకు దక్కనీయక ఆట ముగించుట పిచ్చరునకు పరమగౌరవము. దానిని షటౌటు అందురు.

క్రిస్టఫర్ మాథ్యూసన్ 1880వ సంవత్సరము ఆగష్టు 12వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమున ఫాక్టరీవిల్ అను చిన్న యూరిలో జన్మించెను. తల్లి మినర్వా దైవభక్తి గలది. కుమారుడు మతబోధకుడు కావలెనని ఆమె కోరిక. ఆతడు స్వగ్రామమునందలి కీస్టోన్ అకాడమీలో చదివి, లూయిస్‌బర్గునందలి బక్నెల్ కళాశాలయందు చేరెను. ఇది 1846లో బాప్టిస్టులు స్థాపించిన విద్యాలయము. మన నెల్లూరు, ఒంగోలు సీమలలో మిషను నెలకొల్పినవారును అమెరికా దేశపు బాప్టిస్టులే గనుక ఈ కళాశాల మనకు కొంత చుట్టరికము గలదనియే చెప్పవచ్చును. అక్కడ మాథ్యూసన్ తరగతికి అధ్యక్షుడు, సాహిత్యసంఘమున సభ్యుడు, గాయకబృందమున పాడువాడు, ఫుట్‌బాలు జట్టున మేటి. ఆరడుగులకు మించిన నిలువు, విశాలమైన భుజములు, నీలికన్నులు. డ్రాఫ్ట్సు ఆటలో పలువురితో ఏకకాలమున పలు బల్లలపై ఆడి గెలిచెడివాడు. మన అవధానులను చూచినవారికి ఇందలి కష్టము తెలియును. బ్యాటు పట్టిన ప్రతివాని బలహీనతయు గుర్తుంచుకొనుటకు ఈ జ్ఞాపకశక్తియే ఆతనికి తరువాత ఉపకరించెను.

వేసవి సెలవులలో జీతమునకు ఆడుచు, 1900లో వర్జీనియాలోని నార్ఫోకు జట్టున 20 ఆటలు గెలిచి 2 మాత్రమే ఓడెను. ఆ యేడే న్యూయార్కు జెయంట్సు జట్టువారు పిలిపించిరి. కాని అచట మూడాటలు ఓడి, ఒక్కటియు గెలువక తిరిగి వచ్చెను. మఱుసటి సంవత్సరము మరల పోయి 20 ఆటలు గెలిచెను. కళాశాల పట్టము పుచ్చుకొనకయే చదువు ముగిసినది.

ఆ కాలమున బేస్‌బాలు ఆటగాండ్రకు లోకమున మంచి పేరు లేదు. త్రాగుబోతులనియు, జగడగొండులనియు, జూదరులనియు పేరు. చదువుకొన్నవారు బహు కొద్దిమంది. తల్లిదండ్రులు తమ బిడ్డలు ఆటగాండ్రగుటకు ఇష్టపడెడివారు కారు. మాథ్యూసన్ తన తల్లికి ఒక మాట ఇచ్చి ఈ వృత్తిలో ప్రవేశించెను: ఆదివారమున ఆడనని. ఈ మాట విలువ మనము సరిగా గ్రహింపవలెను. న్యూయార్కున ఆదివారపు ఆటలను చట్టమే నిషేధించెను గనుక అక్కడ ఈ నియమమువలన కష్టము లేదు. కాని షికాగో, సెయింట్ లూయిస్, సిన్సినాటి నగరములలో ఆదివారమునాడే జనము విరివిగ వచ్చెడివారు. యజమానులకు లాభము అప్పుడే. ఆ యూళ్లలో జట్టు ఆడుచుండగా మాథ్యూసన్ బంతి ముట్టడయ్యెను. జట్టు పెద్దయైన జాన్ మెక్‌గ్రా మహాకోపి, నోటి దురుసుగలవాడు. అయినను ఈ విషయమున మాథ్యూసన్‌ను బలవంతపెట్టలేదు. ఈ ఇద్దఱు భిన్నస్వభావులకును కుదిరిన స్నేహము చిత్రమైనది. న్యూయార్కున రెండు కుటుంబములును కొంతకాలము ఒకే ఇంట కాపురముండిరి.

ఇట్లు వ్రాయుచున్నానని మాథ్యూసన్‌ను మునిగా భావింపరాదు. పత్రికలవారు ఆయనకు క్రైస్తవ పెద్దమనిషియని బిరుదమిచ్చి ఒక విగ్రహము చేసి పెట్టిరి. వాస్తవమునకు ఆయన పొగత్రాగెడివాడు. పందెము కట్టి పేకాడెడివాడు. ముక్కు మొగము తెలియనివారు మీద పడి పలుకరించినచో ముభావముగ నుండెడివాడు. మంచివాడే గాని మడి కట్టుకొని కూర్చుండువాడు కాడని ఆయన భార్య జేన్ చెప్పుచుండెడిది. ఈ మాట నాకు బిరుదముకంటె ఇష్టమైనది.

ఇక ఆయన విద్య. కుడిచేతి పిచ్చరు మామూలుగ వంపు బంతి విసరినచో, అది కుడిచేతి బ్యాటువానికి దూరముగ వంగును. మాథ్యూసన్ మణికట్టును ముంజేతిని దేహమునకు వెలుపలివైపునకు త్రిప్పి విసరగా, బంతి చూపులకు అట్లే వచ్చి, తుదిలో వేగము తగ్గి, క్రిందికి జారుచు బ్యాటువాని దేహమువైపునకే వంగెడిది. ఎడమచేతి బ్యాటువానికి దూరముగ జారిపోయెడిది. వెలిసిపోవుచు కనుమఱుగగు బంతి యను అర్థమున దానిని ఫేడెవే అనిరి. క్రికెట్టు తెలిసిన మన బాలురకు ఇది గూగ్లీకి చుట్టమని చెప్పిన సులభముగ బోధపడును. ఇంగ్లండున బోసాంక్వెట్ దొర గూగ్లీని ప్రయోగించినదియు ఇంచుమించు ఆ దినములలోనే. రెండింటి ఉపాయమును ఒక్కటే: చేయి ఒకటి చెప్పును, బంతి వేఱొకటి చేయును. అయితే గూగ్లీ నేలను తాకిన పిదప తిరుగును; ఫేడెవే గాలిలోనే తిరుగవలెను.

బంతి గాలిలో ఏల వంగును? తన చుట్టు తాను తిరుగుచు పోవు బంతి తనను ఒఱయుచున్న గాలిని కూడ కొంత లాగుకొని పోవును. అందువలన బంతి వెనుక గాలి ఒక ప్రక్కకు మళ్లింపబడును. గాలిని ఒక ప్రక్కకు నెట్టిన బంతి తాను రెండవ ప్రక్కకు నెట్టబడును. 19వ శతాబ్దపు జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పేర ఈ ధర్మము పిలువబడుచున్నది. టెన్నిసు బంతిని కోసి కొట్టి చూచినవారికి ఇది అనుభవమే.

ఫేడెవే విసరుటకు ముంజేతిని స్వభావవిరుద్ధముగ మెలిపెట్టవలెను. చేయి నొచ్చును. కనుక మాథ్యూసన్ ఒక్కొక్క ఆటలో పది పండ్రెండు బంతులకు మించి దానిని విసరెడివాడు కాడు. మిగిలినవన్నియు సామాన్యమైన వేగపు బంతులు, వంపు బంతులు. అయితే సూది గ్రుచ్చినట్లు కోరినచోట పడెడివి. ఆయన బలమంతయు మొదటి వంతులోనే వెచ్చింపడు. ముందున్న స్థానములు ఖాళీగా నుండి, జట్టు ముందంజలో నున్నప్పుడు బ్యాటువానిని కొట్టనిచ్చి తోడి ఆటగాండ్రచేత పట్టింపించును. అపాయము వచ్చినప్పుడే దాచిన శక్తిని బయటికి తీయును. 1912లో ఆయన పేర వెలువడిన గ్రంథమునందు ఈ పద్ధతియే ముఖ్యముగ వివరింపబడినది. ఆ గ్రంథమును వాస్తవముగ వ్రాసినది జాన్ వీలర్ అను పత్రికారచయిత; ఆ సంగతి మరల రాగలదు.

గురి యెంత నిశ్చయమైనదో అంకెలే చెప్పును. 1908లో ఆయన 390 వంతులకు పైగా విసరి, 42 మారులు మాత్రమే బ్యాటువానిని ఊరక నడువనిచ్చెను. 1913లో 306 వంతులలో 21 మారులు మాత్రమే; ఆ యేడు వరుసగా 68 వంతులపాటు ఒక్కనినైనను నడువనీయలేదు. 1903, 1904, 1905 సంవత్సరములలో వరుసగా 30, 33, 31 ఆటలు గెలిచెను. 1908లో 37. 20వ శతాబ్దము మొదలుకొని నేషనల్ లీగునందు ఒక యేట అన్ని ఆటలు గెలిచినవాడు వేఱొకడు లేడు. ఎదుటివారికి ఒక్క దెబ్బయైనను దొరకనీయని ఆటలు రెండు, 1901లోను 1905లోను.

ఇచట ఒక మాట. ఆ దినములలో బంతి మెత్తనిది. ఒకే బంతితో ఆట చాలవఱకు జరిగెడిది. మట్టి, ఉమ్మి అంటి అది నల్లబడి, కంటికి సరిగా కనబడెడిది కాదు. అందువలన రన్నులు తక్కువ, పిచ్చరులకు అనుకూలము. మఱియొకటి ఇంతకంటె ముఖ్యము. ఆ పెద్దజట్టులలో నీగ్రోజాతివారికి ప్రవేశము లేదు. ఆ జాతిలోని మేటి ఆటగాండ్రను మాథ్యూసన్ లీగు ఆటలలో ఎన్నడును ఎదుర్కొనలేదు. ఆ తలుపు 1947లో గాని తెఱవబడలేదు. ఆ కాలపు లెక్కలన్నిటిని చదువునపుడు ఈ లోపమును మనస్సున నుంచుకొనవలెను.

అయినను 1905వ సంవత్సరపు అక్టోబరు మాసమున జరిగినది ఏ కాలమునకైనను అద్భుతమే. ఆ దేశమున రెండు లీగులలో మొదటివైన జట్టులు సంవత్సరాంతమున పోటీపడును. దీనిని ప్రపంచ పోటీ యందురు. (ప్రపంచమనగా అమెరికా యని వారి భావము కాబోలు!) ఆ యేడు జెయంట్సునకు ఎదురైనది కానీ మ్యాక్ నడుపు ఫిలడెల్ఫియా అథ్లెటిక్సు జట్టు. 9వ తేదీన మాథ్యూసన్ విసరెను: 3-0. 12వ తేదీన మరల విసరెను: 9-0. ఒక్క దినము మాత్రమే మధ్య విడిచి 14వ తేదీన మఱల: 2-0. ఆరు దినములలో మూడు ఆటలు, 27 వంతులు, ఎదుటి పక్షమునకు ఒక్క రన్నును లేదు. 18 మందిని బంతి తాకనీయక ఔటు చేసెను. ఒక్కనిని మాత్రము ఊరక నడువనిచ్చెను. ఒకే పోటీలో మూడు షటౌటులు ఆనాటినుండి నేటివఱకు ఎవ్వరును సాధింపలేదు. ఆ పోటీ ముగియునప్పటికి ఆయన వయస్సు 25.

దీని తరువాత జెయంట్సు మూడు మారులు, 1911, 1912, 1913లలో, ఆ తుదిపోటీకి వచ్చి మూడు మారులును ఓడిరి. 1911 నాటి కథ కొంచెము నవ్వు పుట్టించును. మాథ్యూసన్ పేర పత్రికలో వ్యాసములు వచ్చుచుండెను. వ్రాయువాడు పైని చెప్పిన వీలర్. రెండవ ఆటలో జెయంట్సు పిచ్చరు మార్క్వార్డు విసరిన బంతిని ఫిలడెల్ఫియా ఆటగాడు బేకరు గోడ దాటించెను. బేకరునకు అట్టి బంతి విసరరాదని ముందే చెప్పియున్నను మార్క్వార్డు వినలేదని, మఱునాటి ఉదయమున మాథ్యూసన్ పేరనున్న వ్యాసము తోడివానిని తప్పుపట్టెను. ఆ దినము మధ్యాహ్నమే మాథ్యూసన్ తానే తిన్నె యెక్కెను. తొమ్మిదవ వంతువఱకు జట్టు ముందంజలోనే యుండెను. అప్పుడు అదే బేకరు మాథ్యూసన్ బంతిని కూడ గోడ దాటించెను! ఆట సమమై, తుదకు జెయంట్సు ఓడిరి. తన పేర ఇతరులు వ్రాసినదానికి తానే బాధ్యుడగుట ఎట్టిదో ఆనాడు ఆయనకు తెలిసియుండును.

1912 నాటిది నవ్వువచ్చు కథ కాదు. బోస్టను నగరమున అక్టోబరు 16వ తేదీన తుది ఆట. తొమ్మిది వంతులకు ఇరుపక్షములు సమము. పదవ వంతులో జెయంట్సు ఒక రన్ను సంపాదించి 2-1 చేసిరి. ఇంక ముగ్గురిని ఔటు చేసిన చాలును. మొదటివాడు కొట్టిన బంతి ఎత్తుగ లేచి, ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్ అను ఆటగాని చేతులలోనికే వచ్చెను. పసిపిల్లవాడును పట్టగలది. అది చేజారెను. వెంటనే మఱియొక దుర్లభమైన బంతిని అతడే పరుగెత్తి పట్టెను. దానిని ఎవరును తలపరు. పిమ్మట బోస్టను వీరుడు స్పీకరు కొట్టిన బంతి తేలికగ లేచి, మాథ్యూసన్, క్యాచరు, మొదటి స్థానపు కాపరి, ఈ ముగ్గురి నడుమ, నీవు పట్టుదువా నేను పట్టుదునా యను సందిగ్ధమున నేలపై పడెను. బ్రతికిపోయిన స్పీకరు తరువాతి బంతులలో ఆటను సమము చేసెను. మఱికొంత సేపటికి బోస్టను 3-2గా గెలిచిరి.

ఆ పోటీలో మాథ్యూసన్ మూడు ఆటలు విసరి ఒకటి సమము, రెండు ఓటమి. మూడింటిలోను ఆయన పక్కవారి చేతులే జారినవి. ఆయన స్నాడ్‌గ్రాస్‌ను నిందింపలేదు. మెక్‌గ్రా అంతటి కోపియు నిందింపక, మఱుసటి యేట ఆతని జీతము పెంచెనని చెప్పుదురు. కాని లోకము మఱవలేదు. 62 సంవత్సరముల తరువాత, 1974లో, స్నాడ్‌గ్రాస్ తన 86వ యేట మరణించినపుడు న్యూయార్కు టైమ్సు పత్రిక శీర్షికలోనే ఆ జాఱిన బంతిని పేర్కొనెను. ఒక్క క్షణము తప్పును మనుజుని చావు వార్తకు తలకట్టు చేయుట ఎంతవఱకు న్యాయమో చదువరులే ఆలోచింపవలెను.

1915 నాటికి మాథ్యూసన్ చేయి అలసినది. ఆ యేడు 8 మాత్రమే గెలిచి 14 ఓడెను. 1916 జూలైలో మెక్‌గ్రా ఆయనను సిన్సినాటి జట్టునకు నిర్వాహకునిగా పంపెను. అక్కడ ఒక్కటే ఆట విసరెను. చిరకాలపు ప్రత్యర్థియైన మోర్డెకై బ్రౌనుతో. పొలముపని యంత్రములో బాల్యమున వ్రేళ్లు పోగొట్టుకొని, ఆ మొండిచేతితోనే బంతిని వింతగ వంచి పేరుగాంచినవాడు ఈ బ్రౌను. ఇద్దఱికిని అదే చివరి ఆట. ఒకప్పుడు రన్ను పుట్టుటయే దుర్లభమైన వీరి పోరాటము 10-8గా ముగిసినది, మాథ్యూసనే గెలిచెను.

నిర్వాహకుడైన పిదప ఆదివారపు మాట ఏమైనదని కొందఱడుగవచ్చును. 1917 ఆగష్టు 19వ తేదీ ఆదివారమున న్యూయార్కు పోలో గ్రౌండ్సునందు జెయంట్సును సిన్సినాటియు ఆడిరి. యుద్ధమునకు పోవు సైనికుల సహాయార్థమని ఏర్పాటు. చట్టమును మీరినందులకు ఇరుపక్షముల నిర్వాహకులైన మెక్‌గ్రాను, మాథ్యూసన్‌ను పోలీసులు నిర్బంధించిరి! న్యాయాధికారి కేసును కొట్టివేసెను. ఆదివారమున బంతి ముట్టనని బాల్యమున మాట ఇచ్చినవాడు ఆదివారపు ఆటకే పట్టుబడుట విధివిలాసము. తాను విసరలేదు గనుక మాట తప్పలేదని ఒక పక్షము. జట్టును నడుపుటయు ఆటయేగదా యని మఱియొక పక్షము. నాకు రెండవదియే సబబుగ తోచును; అయినను సైనికులకొఱకు ఆడిన ఆ యాటను తప్పుపట్టుటకు మనసొప్పదు.

ఆయన శీలమునకు నిజమైన పరీక్ష ఆదివారములలో కాక 1918లో వచ్చెను. సిన్సినాటి జట్టులో హాల్ ఛేసు అను గొప్ప ఆటగాడుండెను. జూదరులవద్ద సొమ్ము పుచ్చుకొని ఆటలను కావలెనని ఓడించుచున్నాడని మాథ్యూసనునకు అనుమానము కలిగెను. మేలైన ఆటగాడని ఉపేక్షింపక, ఆగష్టులో ఆతనిని జట్టునుండి తొలగించెను. ఆ నెలలోనే తాను సైన్యమున చేరి, రసాయనయుద్ధశాఖలో కాప్టెనై ఫ్రాన్సు దేశమునకు పోయెను. విచారణ జరుగునాటికి ముఖ్యసాక్షి సముద్రము కావల నుండెను. వ్రాతమూలముగ పంపిన సాక్ష్యము చాలలేదు. ఛేసు నిర్దోషి యని లీగువారు విడిచిపెట్టిరి. పిమ్మట ఆతనిని చేర్చుకొన్నది ఎవరు? మాథ్యూసన్ ప్రాణమిత్రుడైన మెక్‌గ్రాయే! మాథ్యూసన్ ఫ్రాన్సునుండి తిరిగి వచ్చి మెక్‌గ్రాకు సహాయకుడుగ చేరగా, తాను దోషియని తలచినవానితోడనే ఒక జట్టున మసలవలసి వచ్చెను.

ఆ 1919 అక్టోబరులోనే షికాగో జట్టునకును సిన్సినాటికిని తుదిపోటీ. షికాగోవారు సొమ్ము తిని ఓడుదురని గుసగుసలు వ్యాపించెను. పత్రికలవారి స్థానమున ఫుల్లర్టన్ అను రచయిత మాథ్యూసన్‌ను తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అనుమానము తోచిన ప్రతి ఆటచేష్టను గుర్తించుచు వచ్చెను. ఏది చేజారినది, ఏది జార్చినది యని చెప్పగల కన్ను మాథ్యూసనుదే. స్నాడ్‌గ్రాస్ చేతినుండి జాఱిన బంతిని చూచినవాడుగదా! మఱుసటి యేట కుట్ర బయటపడెను. 1921లో జ్యూరీ విడిచిపెట్టినను, ఎనిమిదిమంది షికాగో ఆటగాండ్రు యావజ్జీవము ఆటనుండి బహిష్కరింపబడిరి.

ఫ్రాన్సులో ఏమి జరిగినదో టై కాబ్ అను ప్రఖ్యాత ఆటగాడు తన స్వీయచరిత్రమున చెప్పియున్నాడు. కాబ్, మాథ్యూసన్ ఒకే శాఖలో నుండిరి. విషవాయువునుండి తప్పించుకొను శిక్షణ జరుగుచుండగా, సంజ్ఞ సరిగా అందక, గదిలోనివారు ముసుగులు ధరించులోపలనే వాయువు లోనికి వచ్చెననియు, మాథ్యూసన్ దానిని పీల్చెననియు కాబ్ కథనము. ఆయన ఊపిరితిత్తులు చెడుటకు ఇదియే కారణమని పలువురు నమ్మిరి. ఆయన తమ్ముడొకడు అంతకు ముందే క్షయరోగముచే పీడితుడగుటచేత, బీజము కుటుంబమునందే యుండెనని తలచువారును గలరు. ఆ శాఖలోనే మేజరుగా నుండిన బ్రాంచ్ రికీ తరువాత 1947లో జాకీ రాబిన్సన్‌ను బ్రూక్లిన్ జట్టున ఆడించి, పైని చెప్పిన వర్ణభేదపు తలుపును తెఱచినవాడు.

1920లో వ్యాధి క్షయ యని తేలెను. న్యూయార్కు రాష్ట్రమున కొండల నడుమనున్న సారనాక్ లేకు అను ఊరికి ఆయనను తీసికొనిపోయిరి. తానే క్షయరోగియైన డాక్టరు ట్రూడో 1880-90 నడుమ అక్కడ ఆరోగ్యశాలను నెలకొల్పియుండెను. స్ట్రెప్టోమైసిన్ అను మందు 1943లో గాని కనుగొనబడలేదు. అంతవఱకు చికిత్స యనగా చల్లని శుభ్రమైన గాలి, పుష్టికరమైన ఆహారము, కదలక మెదలక పడియుండుట. మిషనులు కలిసి మదనపల్లెచెంత ఆరోగ్యవరమున స్థాపించిన శాలయందును ఆ దినములలో జరిగినది ముఖ్యముగ ఈ చికిత్సయే. మన కుటుంబములలో పెద్దలనేకులు దానిని ఎఱుగుదురు. ఇరువది ముప్పది వేలమంది ఎదుట బంతి విసరినవాడు వసారాలో మంచముపై పరుండి, చేయి యెత్తుటకు వైద్యుని అనుమతికై ఎదురుచూచెను. డ్రాఫ్ట్సు బల్ల మాత్రము ప్రక్కన నుండెడిది.

కొంత కోలుకొన్నంతనే 1923లో బోస్టను బ్రేవ్సు జట్టునకు అధ్యక్షుడయ్యెను. వైద్యులు వలదనిరి, ఆయన వినలేదు. రెండేండ్లలో రోగము తిరుగబెట్టినది. 1925 అక్టోబరు 7వ తేదీన, 45వ యేట, సారనాక్ లేకులో కన్నుమూసెను. ఆనాడే పిట్స్‌బర్గులో ఆ యేటి ప్రపంచ పోటీ ఆరంభమై, మఱియొక మహాపిచ్చరు వాల్టరు జాన్సను తొలి ఆట గెలిచియుండెను. మఱునాడు ఇరుపక్షముల ఆటగాండ్రును చేతులకు నల్లపట్టీలు కట్టుకొని మైదానమునకు దిగిరి. మాథ్యూసన్ దేహమును లూయిస్‌బర్గునకు తెచ్చి, తాను చదివిన కళాశాలచెంతనున్న శ్మశానమున సమాధి చేసిరి. అక్కడి క్రీడాప్రాంగణము ఆయన పేరనే పిలువబడుచున్నది.

1936లో బేస్‌బాలు కీర్తిమందిరమునకు మొదటిమారు ఐదుగురిని ఎన్నుకొన్నపుడు కాబ్, రూత్, వాగ్నర్, జాన్సనులతో పాటు మాథ్యూసన్‌ను కూడ ఎన్నుకొనిరి. 226 ఓట్లలో ఆయనకు 205 వచ్చెను. ఆ ఐదుగురిలో అప్పటికి జీవించియుండనివాడు ఆయన యొక్కడే.

ఆయన గెలుపుల మొత్తము బహుకాలము 372గా ఎంచబడుచుండెను. గ్రోవరు అలెగ్జాండరు అను పిచ్చరు ముసలితనమున ఆ సంఖ్యను దాటవలెనను పట్టుదలతో ఆడి, 1929లో 373వ ఆట గెలిచి, నేషనల్ లీగున తానే మొదటివాడనని సంతసించెను. ఆ పిదప ఆతడు మఱొక ఆట గెలువలేదు. 1940-50 నడుమ పాత లెక్కలు తిరుగవేసి చూడగా, 1902లో మాథ్యూసన్ గెలిచిన ఆట యొకటి వ్రాతగాని పొరపాటున విడిచిపోయినదని తేలెను. దానిని కూడ చేర్చిరి. ఇద్దఱికిని 373.